మన అన్నము, మన నీరు, మన చదువు
(మన సంఘ సర్వసభ్య సమావేశమున చేయబడిన ఉపన్యాస పాఠము)



పోషకాహార శాస్త్రమును గూర్చియు, విషపదార్థ శాస్త్రమును గూర్చియు మాటలాడవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరినపుడు, ఇది వైద్యులు చేయవలసిన ఉపన్యాసమని మనవి చేసితిని. నేను మెట్రిక్ వరకు చదివి, తండ్రిగారి కిరాణా దుకాణమున తూకము పట్టినవాడను. అందులకు వారు, "వైద్యునివద్దకు జబ్బు చేసిన పిమ్మట పోవుదుము, మీవద్దకు వారము వారము వచ్చుచున్నాము గదా!" యని బదులు చెప్పిరి. ఆ మాట నిజమే. ఏ యింటికి ఎంత బియ్యము, ఎంత పప్పు, ఎంత చక్కెర పోవుచున్నదో నా ఖాతాపుస్తకమునకు తెలిసినంత వైద్యునికి తెలియదు. ఆ యధికారము మేరకే నాలుగు మాటలు చెప్పుచున్నాను. మిగిలినది పుస్తకములు చదివియు, తెలిసినవారి నడిగియు కూర్చుకొన్నది.

ఈ మధ్య పద్మానగరునుండి ఒక ఆడబిడ్డ దుకాణమునకు వచ్చి, "అన్నా, డాక్టరు నాచణి తినుమన్నడు. గదేం మందు, నీ దగ్గర ఉంటదా?" అని అడిగెను. ఆమె కడుపుతో నున్నది. "మందు కాదు చెల్లే, అవి మన తైదలే" యని డబ్బా మూత తీసి చూపితిని. "గివ్వా! మా అమ్మమ్మ అంబలి కాస్తుండె" అని ఆమె నవ్వెను. వైద్యుడు మరాఠీలో చెప్పిన సలహా సరియైనదే. ఆ ధాన్యము ఆమె పుట్టింటివారికి తరతరములుగా తెలిసినదే. నడుమ మాట యొక్కటి గోడవలె నిలిచినది. నూరు గ్రాముల తైదలలో, అనగా రాగులలో, సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపుధాతువు గలదు. జొన్నలలో 25 మొదలు 30 వరకు, తెల్లబియ్యములో 10కి మించదు. కడుపులోని బిడ్డ ఎముకకు కావలసినది ఈ ధాతువే. ఆనాడు నేను దుకాణములో లేకున్నచో ఆమె మందుల దుకాణమునకు పోయి యుండెడిది.

నేను ఈ దినము చెప్పదలచినది ఆ గోడను గూర్చియే. ఆహారమును గూర్చియు, ఆహారముద్వారా దేహమును చేరు విషమును గూర్చియు ఈ దేశమున జరిగిన గొప్ప పరిశోధనలలో పెక్కు తెలుగు ప్రజలకు వచ్చిన వ్యాధులనుండియే పుట్టినవి. వాని ఫలితములు ఆంగ్లమున అచ్చయి లండనువరకు పోయినవి. మన వంటయింటికి మాత్రము రాలేదు.

ముందుగా కోస్తావారి సంగతి. గంజామునుండి నెల్లూరువరకు గల సర్కారు జిల్లాలలో పూర్వము బెరిబెరి యను వ్యాధి మెండుగా నుండెడిది. కాళ్లు తిమ్మిరెక్కును, వాచును, కొందరికి గుండెయే బలహీనపడి ప్రాణము పోవును. 1918లో నీలగిరులలోని కూనూరున, పాశ్చర్ సంస్థలోని ఒక్క గదిలో, రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు ఈ వ్యాధిని గూర్చిన విచారణ ప్రారంభించెను. మరలో తవుడంతయు పోవునట్లు తెల్లచేసిన పచ్చిబియ్యమే ప్రధానాహారమగుటచే బి1 విటమిను లోపించుచుండెను. తమిళ సీమలో ఉప్పుడు బియ్యము వాడువారికి వ్యాధి అంతగా రాలేదు. వడ్లను ఉడికించునపుడు ఆ విటమిను గింజలోనికి ఇంకుటయే దానికి కారణము. ఆ మెక్కారిసన్ మన దేశములోని వివిధ ప్రాంతములవారి భోజనములను ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమరొట్టె, పప్పు, పాలు, కూరలు గల పంజాబు భోజనము తిన్న ఎలుకలు బలముగా పెరిగెను. తెల్లబియ్యమే ముఖ్యముగా గల భోజనము తిన్నవి గిడసబారిపోయెను. ఆ ఒక్క గదియే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. తార్నాక మీదుగా పోయిన మనవారెందరో ఆ భవనమును చూచియుందురు, లోపల ఏమి జరుగునో యెరుగకయే. ఇన్ని సంవత్సరములకును నా దుకాణమున తెల్లదనము చూచియే బియ్యమునకు విలువ కట్టుదురు. నేనును అట్లే అమ్ముచున్నాను. కొనువారి కన్ను మారనిదే అమ్మువాని తక్కెడ మారదు.

ఇక జొన్న తిన్న మన తెలంగాణమువారి సంగతి. కేవలము జొన్నపైననే బ్రతికిన బీదలలో, ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పొరలు రేగుటయు, విరేచనములును, తుదకు మతి చలించుటయు గల పెల్లాగ్రా యను వ్యాధి కనబడెడిది. పాశ్చాత్యదేశములలో అది మొక్కజొన్న తినువారి వ్యాధి. జొన్న తినువారికేల వచ్చుచున్నదో పరిశోధించి, జొన్నలోని ల్యూసిను అను ఆమ్లము అధికమగుటచే నియాసిను అను విటమిను దేహమునకు సరిగా వినియోగపడుట లేదని 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య అను వైద్యులు లాన్సెట్ అను లండను పత్రికలో వ్రాసిరి. ఆ సిద్ధాంతముపై పిమ్మట వాదోపవాదములు జరిగినవి. వ్యాధి మాత్రము, భోజనమున పప్పు, కూర, ఇతర ధాన్యములు చేరినకొలది తగ్గిపోయినది. ఇది విని ఎవ్వరును జొన్నరొట్టెను మానవలదు! ఏ ధాన్యమైనను ఒంటరిగా దేహమును మోయలేదు, అంతియే.

నేను ఎక్కువసేపు చెప్పదలచినది నల్లగొండను గూర్చి. ఈ సభలో ఆ జిల్లావారు ఎందరో కలరు. గారపట్టిన పండ్లు, వంగని నడుము, లోనికి వంగిన మోకాళ్లు వారికి క్రొత్త కాదు. పూర్వజన్మ కర్మమనియు, ఊరి శాపమనియు చెప్పుకొనెడివారు. కొన్ని గ్రామములకు పిల్లనిచ్చుటకు వెనుకాడెడివారు. దానికి మూలము రాతిలో నున్నది. అచ్చటి నల్లరాతిలోని ఫ్లోరైడు నీటిలో కరగి బావులలోనికి దిగును. నీటిలో ఫ్లోరైడు హానియని 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలోని పల్లెలను పరిశీలించి మన దేశమున ముందుగా ప్రకటించిరి. నల్లగొండ వ్యాధిని గూర్చి హైదరాబాదు వైద్యుడు సిద్ధికీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను.

ఇచ్చట ఒక విచిత్రము గమనింపవలెను. ఫ్లోరైడు కొంచెముగా నున్న నీరు పండ్లకు మేలే చేయును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటినచో హాని ఆరంభమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. పదార్థ మొక్కటే, కొలత మారినది. విషపదార్థ శాస్త్రమునకు ఓనమాలు ఇవియే. తూకము వేయువాడను గనుక ఈ సంగతి నాకు సులభముగా బోధపడినది.

కొలతయొక్కటే కాదు, పళ్లెమును లెక్కలోనికి వచ్చును. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అను వైద్యులు నల్లగొండ ప్రాంతపు పిల్లలలో మోకాళ్లు లోనికి వంగు వికారమును వర్ణించి, అది ఫ్లోరైడు గల నీటితో కూడినదని లాన్సెటులో ప్రకటించిరి. జొన్న ప్రధానాహారముగా గల ఇండ్లలో అది ఎక్కువగా కనబడుటచే, జొన్నలోని మాలిబ్డినము అను లోహము దేహములోని రాగిని బయటకు పంపుచున్నదేమోయనియు వారు పరిశీలించిరి. సున్నపుధాతువు తక్కువగా తిను పిల్లల ఎముకలను ఫ్లోరైడు మరింత వేగముగా వంచునని పలు పరిశోధనలు తెలిపినవి. అనగా ఒకే బావినీరు త్రాగిన ఇద్దరు పిల్లలలో పాలు, రాగులు, ఆకుకూరలు దొరకిన బిడ్డ కొంత తట్టుకొనెను, అవి దొరకని కూలివాని బిడ్డ వంగిపోయెను. విషశాస్త్రము నీటిని పరీక్షించును, పోషణశాస్త్రము పళ్లెమును పరీక్షించును. రెండును చదివినవాడే ఆ బిడ్డ కాలు ఏల వంగెనో చెప్పగలడు. ఈ రెండు శాస్త్రములను కలిపి చదువవలెనని నేను అనుటకు కారణమిదియే.

పరిహారము మన మహారాష్ట్రమునుండియే పోయినది. నాగపురములోని నీరీ సంస్థవారు పటికయు సున్నమును నీటిలో కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి పైనీరు వంపుకొను పద్ధతిని 1970-80 నడుమ రూపొందించి దానికి 'నల్లగొండ పద్ధతి' యని పేరు పెట్టిరి. ఆ పేరు ఆఫ్రికాలోని టాంజానియావరకు పోయినది. ఇప్పుడు మిషన్ భగీరథ పథకముక్రింద కృష్ణానీరు ఆ పల్లెలకు కుళాయిలద్వారా పోవుచున్నది. అయినను వేసవిసెలవులలో పిల్లలను ఊరికి పంపు తల్లులకు ఒక మాట. కుళాయినీరుండగా బోరునీరు త్రాగనీయకుడు. ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు శాశ్వతదంతములు చిగురులోపల తయారగుచుండును, గార పట్టుట అప్పుడే ఆరంభమగును. నీరు కాచిన దోషము పోవునను నమ్మిక ఇచ్చట పనికిరాదు. కాచినకొలది నీరు ఆవిరియగును, ఫ్లోరైడు మిగులును.

మీకు సంతోషము కలిగించు సంగతి యొకటి కలదు. మన పులుసులోని చింతపండునకును ఈ కథలో పాత్ర యున్నది. జాతీయ పోషకాహార సంస్థవారే పాఠశాల బాలురకు దినమునకు 10 గ్రాముల చొప్పున 18 దినములు చింతపండు ఇచ్చి చూడగా, మూత్రముద్వారా ఫ్లోరైడు బయటకు పోవుట హెచ్చినది. 2002లో ఇది ప్రచురితమైనది. వంగిన ఎముకను చింతపండు నిలుపునని దీని యర్థము కాదు. కాని, మన అవ్వ పోపులపెట్టెను ఎగతాళి చేయుటకు ముందు పరీక్షించి చూడవలెనని దీనివలన తెలియుచున్నది.

పోషకము, విషము ఎంత దగ్గరి చుట్టములో చూపినవాడు మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను ప్రేగువ్యాధితో మరణించిరి. ఆయనయు ఆ వ్యాధికి లోనై ఆయుర్వేద వైద్యముతో కోలుకొనెను. అమెరికాలో ఆయన నాయకత్వముననే 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో నున్నది ఆ ఫోలికామ్లమే. దాని నిర్మాణమును కొంచెము మార్చగా అది కణములకు విషమైనది. ఆ విషముతోనే 1948లో బోస్టనులో ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించెను. దాని సోదరియగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. 1948లోనే సుబ్బారావు గారు కాలధర్మము చెందిరి. మన పిల్లల పాఠ్యపుస్తకములలో ఆయన పేరు వెదకి చూడుడు.

భివండికి వచ్చెదము. ఇచ్చట నల్లగొండ రాయి లేదు, కొంకణపు వాన యున్నది. నాలుగు నెలలు గోడలే చెమర్చును. ఊరినుండి బస్తాలతో వేరుసెనగలు, మక్కలు తెచ్చి మంచముక్రింద నిల్వచేయు అలవాటు పొడిసీమయగు తెలంగాణమున చెల్లినది, ఇచ్చట చెల్లదు. బూజు పట్టిన గింజలో ఆఫ్లాటాక్సిను అను విషము పుట్టును. 1960లో ఇంగ్లాండున లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినపుడు, వాని మేతలోని వేరుసెనగపిండియందు దీనిని కనుగొనిరి. 1974లో రాజస్థానమునందలి బాంస్‌వాడా, గుజరాతునందలి పంచమహల్ జిల్లాలలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయవ్యాధికి లోనైరి, వారిలో 106 మంది మరణించిరి. ఊరి కుక్కలును చచ్చినవి. దీనిని పరిశోధించినదియు మన హైదరాబాదు సంస్థవారే. వండినంతమాత్రమున ఆ విషము పోదు. చేదెక్కిన, ముడుతలుపడిన, పచ్చబూజు గల గింజను ఏరి పారవేయుడు. "నూనె ఆడించిన సరి" యను వారు కలరు. గానుగకు బూజు కనబడదు. వానకాలమునకు నెలకు సరిపడు సరకే కొనుడు. నా బేరము తగ్గినను సరే, చెప్పవలసిన మాట ఇది.

మన సాంచెల వీధులలో మరియొక భయము కలదు. రంగులు, గంజి రసాయనములు వచ్చిన నీలిరంగు పీపాలను పాతసామాను దుకాణములలో కొని నీరు పట్టుకొనువారు లేకపోలేదు. కడిగితిమందురు. 2013 జులైలో బీహారులోని ఒక పల్లెబడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పసిబిడ్డలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలియుటయే కారణము. రసాయనము వచ్చిన పాత్ర మరల వంటయింటి గడప త్రొక్కరాదు. సాంచె నూనె, రంగు అంటిన చేతితో రొట్టె తుంచు యువకులకును ఇదే మనవి. సబ్బునకు ఎంత ఖర్చు?

ఇక చాయ. రాత్రిపాళీవారు భిస్సీలో అన్నము తిని, వెంటనే కటింగ్ చాయ త్రాగి సాంచె దగ్గరకు పోవుదురు. చూచి ఇండ్లలోని స్త్రీలును అట్లే చేయుచున్నారు. చాయలోని వగరు పదార్థములు అన్నములోని ఇనుమును పట్టి, రక్తమున కలియనీయవు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. మనవారు దానికి వెలియని నేననుకొనను. కండెలు చుట్టు అక్కచెల్లెండ్ర ముఖములు చూచిన తెలియును. భోజనమునకు గంట ముందు, గంట తరువాత చాయ మానుడు, పప్పుమీద నిమ్మకాయ పిండుకొనుడు. దీనికి ధర లేదు. ప్రభుత్వమిచ్చు ఇనుపమాత్రలు తప్పక వేసికొనుడు. కాని పసిపిల్లలకందనిచోట పెట్టుడు. తల్లికి రక్తమిచ్చు మాత్రలే గుప్పెడు మ్రింగిన రెండేండ్ల బిడ్డ ప్రాణము తీయగలవు. నల్లగొండ నీటికి చెప్పిన కొలతమాటయే ఇచ్చటను వర్తించును.

పప్పు వర్తకునిగా ఒక మాట చెప్పక తప్పదు. కేసరి పప్పు, మరాఠీలో లాఖ్, కందిపప్పులోను సెనగపిండిలోను కలియుట పాతకథ. కరవులలో నెలలతరబడి అదే తిన్నవారికి కాళ్లు బిగుసుకొని నడక పోయినది. అందలి విషమును 1964లో బెంగుళూరు విజ్ఞానసంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ అను వారు వేరుచేసి చూపిరి. కందిబద్ద గుండ్రము, కేసరిబద్ద గొడ్డలి ఆకారముగా కోణములు గలది. పళ్లెములో పోసి చూచుకొనుడు. నా దుకాణమందైనను సరే, చూచియే కొనుడు.

ఇవన్నియు మనవారికెవరు చెప్పవలెను? కిరాణా వర్తకుడా? నాకు తెలిసినది పిడికెడు. తెలుగు ఎరిగి, మరాఠీ ఎరిగి, శాస్త్రము చదివిన బిడ్డ ఈ పట్టణమున మనకు కావలెను. సాంచె కార్మికుని భార్యకు 'నాచణి యనగా తైదలు' అని చెప్పుటతో ఆగక, ఆమె రక్తపరీక్ష కాగితము చదివి, ఆమె పళ్లెము చూచి, చేయవలసినది ఆమె మాటలోనే చెప్పగల బిడ్డ కావలెను.

"అన్నము తినుటకును చదువేల?" యని పెద్దలు కొందరు నన్నడిగిరి. నల్లగొండవారు నీరు త్రాగుటకు చదువు లేకయే గదా అంతకాలము వంగిపోయిరి! "ఉద్యోగమేమి దొరకును?" అనుట న్యాయమైన ప్రశ్న. ఆసుపత్రులలో ఆహార సలహాదారులు కావలెను. 2006 నాటి ఆహార భద్రతా చట్టము వచ్చిన పిమ్మట పరీక్షాశాలలలోను, తనిఖీ శాఖలోను, ఆహార కర్మాగారములలోను చదివినవారికి పని కలదు. ఆ చట్టము క్రింద లైసెన్సు తీసికొన్నవాడను గనుక తనిఖీకి వచ్చు అధికారులను ఎరుగుదును. వారిలో తెలుగు బిడ్డను ఒక్కరినైనను ఇంతవరకు చూడలేదు.

మార్గము దూరము కాదు. పదవ తరగతి పిమ్మట సైన్సు శాఖ తీసికొనవలెను. మనవారు అంకెలు వచ్చునని పిల్లలందరిని కామర్సునకు త్రోయుచున్నారు. వర్తకుడనై యుండియు నేను దానిని మెచ్చలేకున్నాను. మహర్షి కర్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము ముంబాయిలోనే యున్నది, అందు గృహవిజ్ఞాన కళాశాల కలదు. డిగ్రీ పిమ్మట హైదరాబాదు పోషకాహార సంస్థలో ఎమ్మెస్సీ చదువవచ్చును. విషశాస్త్రమునకు లక్నోలో 1965లో ఏర్పడిన జాతీయ పరిశోధనా సంస్థ కలదు. ఆడపిల్లను పదవ తరగతితో ఆపి కండెల దగ్గర కూర్చుండబెట్టుచున్న తండ్రులు ఈ సభలో ఉన్నారు, వారు నా మిత్రులే. వారితో తగవు పడుటకు రాలేదు. ఇంట ఒక్కరినైనను సైన్సునకు పంపుమని అడుగుటకు వచ్చితిని.

కార్యవర్గము ముందు మూడు విషయములు పెట్టుచున్నాను. ఈ యేడు సైన్సు శాఖలో చేరు మన బాలబాలికల మొదటి సంవత్సరపు పుస్తకముల ఖర్చు సంఘము భరింపవలెను. అందులో పదిమంది వంతు నేను ఇచ్చెదను. ధాన్యములు, కూరలు, పప్పుల పేర్లను తెలుగు, మరాఠీ, హిందీలలో ఒక కాగితముపై అచ్చువేసి, ప్రసూతి ఆసుపత్రులయొద్దను, అంగన్‌వాడీలలోను అంటింపవలెను. కాగితము తయారుచేయుటకు ఇద్దరు ఉపాధ్యాయులు ఇదివరకే ఒప్పుకొనిరి. తైదలు, రాగులు రెండు పేర్లును వేయుమని వారికి చెప్పితిని, కోస్తావారు అలుగకుండుటకు! మూడవది, ఊరిలో ఇంకను బోరునీరే త్రాగుచున్న బంధువులుగల కుటుంబములవారు గ్రామము పేరును, మండలము పేరును వ్రాసి సంఘ కార్యాలయములో ఇచ్చినచో, నీటి పరీక్షకై ఆయా జిల్లా గ్రామీణ నీటిసరఫరా శాఖకు సంఘము పక్షమున ఉత్తరములు వ్రాయుదుము. కార్యాలయము ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిదినుండి పండ్రెండువరకు తెరచియుండును.